పచ్చగా ఉన్నంత మాత్రాన...

పోయిన మే నెలలో ఊరెళ్ళినప్పుడు జరిగిన చిన్న సంగతితో మొదలుపెడతాను. మాది పల్నాడు. రెంటచింతల చుట్టుపక్కల అంటే ఇక ఎండల గురించి వేరే చెప్పక్కర్లేదనుకుంటా. పెరట్లో అమ్మ ముచ్చటగా పెంచుకునే తమలపాకు తీగ ఒకటుంది. వేపచెట్టు నీడలో ఏళ్ళ తరబడి హాయిగా పాకుతోంది. ఆ వేపకొమ్మ కరెంటు తీగలకి తగులుతోందని నేనే దగ్గరుండి కొట్టించాను. మర్నాటినుంచీ మిట్టమధ్యాహ్నపు ఎండ తిన్నగా తీగ మీదే.

రెండోరోజు సాయంత్రం అమ్మ ఒక ఆకుని వేళ్ళమధ్య పట్టుకుని చూసి "పోయిందిరా ఇది" అంది.

"ఏంది పోయేది? అంత పచ్చగా ఉంటేనూ!" అన్నాను.

"పచ్చగా ఉంటే బతికున్నట్టేనా? రెండ్రోజులాగి చూడు" అంది.

మూడోనాటికి ఆకుల మధ్యలో గోధుమరంగు మచ్చలు లేచాయి, ఆ తర్వాత అప్పడాల్లా అయిపోయాయి. నాకు బాధ కంటే ఆశ్చర్యం ఎక్కువ వేసింది. ఆకు చచ్చింది మంగళవారం, నా కంటికి తెలిసింది శుక్రవారం. మధ్యలో మూడురోజులు అది పచ్చటి శవం అన్నమాట.

సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఈ పరిస్థితి కొత్తేం కాదు. ఒకసారి మా టీమ్‌లో అర్ధరాత్రి ఒక సర్వీసు పని మానేసింది. డాష్‌బోర్డు మీద మాత్రం అన్నీ పచ్చదీపాలే. ఎందుకంటే మేం రాసుకున్న చెకింగు "ప్రాసెస్ ఉందా లేదా" అని అడుగుతోందే గానీ "పని చేస్తోందా" అని అడగట్లేదు. పొద్దున్న కస్టమర్ ఫోన్ చేసేదాకా ఎవరికీ తెలీదు. ఆ రోజు మేం నేర్చుకున్న పాఠం: ఉనికి వేరు, పని వేరు.

మరి ఆకు విషయంలో "పని చేస్తోందా" అని అడిగే మార్గం ఉందా? ఉందట. ఆకే చెబుతుందట, అదీ వెలుగు రూపంలో. ఆ సంగతి తెలుసుకోవడానికి మనిషికి పట్టిన దాదాపు నూట యాభై ఏళ్ళ కథే ఈ టపా. నేను వృక్షశాస్త్రం చదివినవాణ్ణి కాదు, ఇంటర్లో ఎంపీసీ బాపతు. తప్పులుంటే తెలిసినవాళ్ళు చెప్పండి, దిద్దుకుంటాను.

ఆకుపచ్చ సీసాలో ఎర్ర వెలుగు

ఆకుల్లోని పచ్చ పదార్థాన్ని విడదీసి దానికి క్లోరోఫిల్ అని పేరు పెట్టింది ఫ్రాన్సులో పెల్టియే, కవాంటూ అనే ఇద్దరు. 1817-18 నాటి మాట. మన బడి పుస్తకాల్లో దాన్నే పత్రహరితం అని చదువుకున్నాం. మలేరియాకి వాడిన క్వినైన్‌ని 1820లో బెరడునుంచి విడదీసింది కూడా ఈ ఇద్దరే. ఈ క్వినైన్‌ని గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో మళ్ళీ వస్తుంది.

స్కాట్లాండులో డేవిడ్ బ్రూస్టర్ అని ఒకాయన ఉండేవాడు. పిల్లలు కంటికి పెట్టుకుని తిప్పుతూ రంగుల ముగ్గులు చూసే గొట్టం, అదే కెలైడోస్కోపు, ఆయన కనిపెట్టిందే. వెలుతురుతో ఆడుకోవడం ఆయనకి సరదా. లారెల్ చెట్టు ఆకుల్ని ఆల్కహాల్లో నానబెడితే వచ్చిన పచ్చటి ద్రావకంలోకి గట్టి సూర్యకిరణాన్ని పంపి పక్కనుంచి చూస్తే, కిరణం పోయిన దారంతా రక్తంలా ఎర్రగా కనిపించింది. 1834లో అచ్చయిన వ్యాసంలో ఈ సంగతి రాశాడు. కారణం మాత్రం ఆయనకి అంతుపట్టలేదు. లోపలి కణాలమీద పడి వెలుతురు చెదురుతోందని అనుకున్నాడు.

1845లో జాన్ హెర్షెల్ క్వినైన్ ద్రావకం మీద ఎండ పడితే పైపొరలో నీలిరంగు తళుకు రావడం గమనించాడు. ఈ రెండిటినీ ఒక తాటికి కట్టినవాడు కేంబ్రిడ్జి ప్రొఫెసర్ జార్జి స్టోక్స్. 1852లో ఆయన తేల్చిందేమిటంటే, ఇది వెలుతురు చెదరడం కాదు, మారడం. పదార్థం ఒక రంగు వెలుతురుని మింగి, అంతకంటే తక్కువ శక్తి ఉన్న ఇంకో రంగు వెలుతురుని కక్కుతోంది. ఫ్లోర్‌స్పార్ అనే ఖనిజం కూడా ఇలాగే చేస్తుంది కాబట్టి దాని పేరుమీదుగా "ఫ్లోరసెన్స్" అని పిలుద్దామని ఒక పాదసూచికలో ప్రతిపాదించాడు. అంత పెద్ద మాట పుట్టింది పేజీ అడుగున! మన పాఠ్యపుస్తకాల వాళ్ళు దీన్ని ప్రతిదీప్తి అన్నారు. బాగుంది కదూ.

ఇది ఇంట్లో చూడొచ్చు. పాలకూర నలిపి స్పిరిట్‌లో కాసేపు నానబెట్టి, వడగట్టి, దొంగనోట్లు పట్టుకోవడానికి షాపుల్లో వాడే ఊదారంగు టార్చి దానిమీద వేయండి. పచ్చటి నీళ్ళు కాస్తా దానిమ్మ రసంలా కనిపిస్తాయి. దీపాలార్పి చేస్తే ఇంకా బాగుంటుంది.

సాగర్ కాలవ లెక్క

అయితే బ్రూస్టర్, స్టోక్స్ ఎక్కువగా చూసింది ఆకుని కాదు, ఆకు రసాన్ని. రసంలో పత్రహరితానికి పనీపాటా లేదు. మింగిన వెలుతురులో దాదాపు మూడోవంతు మళ్ళీ ఎర్రగా బయటికి కక్కేస్తుంది. బతికున్న ఆకులో మాత్రం అలా బయటికొచ్చేది మామూలుగా ఒకటి రెండు శాతమే. మిగతాది ఎక్కడికి పోతోంది?

మా ఊళ్ళో అయితే ఇది కాలవ లెక్కతో చెప్పుకోవచ్చు. సాగర్ కాలవలోంచి పిల్లకాలవలోకి నీళ్ళొస్తాయి. ఆ నీళ్ళకి మూడు దార్లు. ఒకటి పొలంలోకి పారడం, రెండు నేలలోకి ఇంకడం, మూడు గట్టు మీంచి పొర్లడం. ఆకుకి పొలం అంటే కిరణజన్య సంయోగక్రియ. ఇంకడం అంటే వేడిగా మారిపోవడం. గట్టు మీంచి పొర్లే నీళ్ళే ఈ ఎర్ర వెలుగు. పొలం మడవ మూసేస్తే ఏమవుతుంది? పొర్లడం ఎక్కువవుతుంది. అంటే పొలందాకా నడిచి వెళ్ళకుండా, గట్టు దగ్గర పొర్లుతున్న నీళ్ళు చూసే మడవ తెరిచుందో లేదో చెప్పొచ్చు.

ఈ సంబంధం ఉండొచ్చని మొదట పసిగట్టినవాడు ముల్లర్ అనే జర్మన్ శాస్త్రవేత్త, 1874లో. బతికున్న ఆకు పల్చటి ద్రావకం కంటే తక్కువ వెలుగుతోందని ఆయన గమనించాడు. కానీ కొలిచే పరికరాలు లేవు. మాట అక్కడే ఆగిపోయింది, యాభై ఏడేళ్ళపాటు.

పేజీ కూడా నిండని కాగితం

1931. జర్మనీలో హైడెల్‌బర్గ్. వియన్నాలో పుట్టిన హాన్స్ కౌట్‌స్కీ అనే రసాయన శాస్త్రవేత్త, హిర్ష్ అనే సహచరుడు. వాళ్ళు చేసిన పని విని నేను నిజంగా నోరెళ్ళబెట్టాను, అంత తేలిక. ఆకుని కాసేపు చీకట్లో ఉంచారు. తర్వాత ఒక్కసారిగా నీలి వెలుతురు వేసి, ముదురు ఎర్ర అద్దంలోంచి మామూలు కళ్ళతో చూశారు. ఆకు భగ్గున ఎర్రగా వెలిగింది. తర్వాత నిమిషాల మీద నెమ్మదిగా మసకబారింది. అంతే. అందులో యంత్రాలేవీ లేవు. దాన్ని పేజీ కూడా నిండని చిన్న వ్యాసంగా అచ్చేయించారు.

ఎర్ర వెలుగు ముందే తెలుసు. కొత్తగా తెలిసింది అది నిలకడగా ఉండదని. సీసాలో రసం అలా చెయ్యదు, ఎంతసేపు చూసినా ఒకేలా వెలుగుతుంది. పెరిగి తగ్గేది బతికున్న ఆకే.

ఇక్కడే మన ఉష్ణోగ్రత కథలోకి వస్తుంది. వాళ్ళు ఆకుని ఒకసారి సున్నా డిగ్రీల దగ్గర, ఒకసారి 35 డిగ్రీల దగ్గర పెట్టి చూశారు. సయనైడు విషం పెట్టి కూడా చూశారు. వేగంగా పైకి లేచే భాగం వేటికీ చలించలేదు. వీళ్ళ తర్కం చూడండి. ఎంజైములతో నడిచే పని ఏదైనా సరే, చలికి మందగిస్తుంది, వేడికి చురుకవుతుంది. వంటింట్లో పెరుగు తోడుకోవడమే తీసుకోండి, డిసెంబరులో ఒక లెక్క, మేలో ఒక లెక్క. చలికీ వేడికీ మారలేదంటే ఆ మొదటి మెట్టు ఎంజైములది కాదు, నేరుగా వెలుతురు చేసే పని అయ్యుండాలి. ఇక నెమ్మదిగా తగ్గే భాగం ఆకు బొగ్గుపులుసు వాయువుని పట్టుకోవడం మొదలెట్టే తీరుతో సరిపోయింది. మడవ తెరుచుకుంటోంది, పొర్లడం తగ్గుతోంది.

అంటే ఉష్ణోగ్రత ఈ కథలోకి తర్వాతెప్పుడో వ్యవసాయం వాళ్ళు తెచ్చిన విషయం కాదు, మొదటి పేజీలోనే ఉంది. ఆకులో రెండు రకాల పనులున్నాయి. ఒకటి చలికీ వేడికీ పెద్దగా చలించని, వెలుతురు పట్టే పని. రెండోది చలికీ వేడికీ తల్లడిల్లే ఎంజైముల పని. ఈ రెండిటి మధ్య జతకుదరనప్పుడే ప్రమాదం. ఈ ముక్క పట్టుకుంటే మిగతా కథంతా దానంతటదే విప్పుకుంటుంది.

కౌట్‌స్కీ అదే ఏడాది ఇంకో సాహసం కూడా చేశాడు. రంగు పదార్థం మింగిన వెలుతురు శక్తిని పక్కనున్న ఆక్సిజన్‌కి అప్పజెప్పగలదనీ, అలా రెచ్చిపోయిన ఆక్సిజన్ కొంతదూరం ప్రయాణించి దొరికినదాన్నల్లా కాల్చగలదనీ చెప్పాడు. రంగుని వేరే, దాని బారిన పడే పదార్థాన్ని వేరే సిలికా గింజలమీద అద్ది, రెండూ ఒకదాన్నొకటి తాకకుండానే పని జరుగుతోందని చూపించాడు. ఎవరూ ఒప్పుకోలేదు. ఒకటీ రెండూ కాదు, ముప్ఫై ఏళ్ళు. 1964లో అమెరికాలో ఫుట్, కోరీల బృందాలు వేర్వేరుగా చేసిన ప్రయోగాలతో అదే నిజమని తేలింది. దాన్ని ఇప్పుడు సింగ్లెట్ ఆక్సిజన్ అంటున్నారు. కౌట్‌స్కీ 1966లో పోయాడు. రెండేళ్ళు తక్కువ బతికుంటే తను గెలిచానని తెలియకుండానే పోయేవాడు.

న్యాయంగా చెప్పాలంటే ఆయన అన్నిట్లోనూ రైటు కాదు. ఆకు వెలుగు పెరిగి తగ్గడంలో కూడా ఆక్సిజన్‌దే ముఖ్య పాత్ర అని ఆయన ఇచ్చిన వివరణ తర్వాత నిలబడలేదు. చూసింది నిజం, చెప్పిన కారణం తప్పు. పరిశీలన జాగ్రత్తగా రాసిపెడితే వివరణ తప్పయినా చరిత్రలో నిలబడతాం అన్నమాట. బగ్ రిపోర్టులు రాసేవాళ్ళు గోడకి అంటించుకోవాల్సిన మాట ఇది :)

వెలుగు అంకెగా మారింది

1963లో నెదర్లాండ్స్‌కి చెందిన డుయ్‌సెన్స్, స్వీర్స్ ఆ మడవ ఏమిటో చెప్పారు. ఆకులోని ఒక పదార్థం ఎలక్ట్రాన్లని అందుకోవడానికి ఖాళీగా ఉంటే వెలుగు తగ్గుతుంది, అది నిండిపోతే వెలుగు పెరుగుతుంది. దానికి క్యూ అని పేరు పెట్టారు. నిజానికి వరస అన్న అర్థం వచ్చే "క్యూ" కాదు గానీ, ఆ అర్థంలో గుర్తుపెట్టుకున్నా నష్టం లేదు.

1975లో కిటాజిమా, బట్లర్ దీన్ని చిన్న లెక్కగా మార్చారు. చీకట్లో ఉంచిన ఆకు మీద అతి మసక వెలుతురు వేసి వచ్చే కనీసపు వెలుగు కొలవండి. తర్వాత ఒక్క క్షణం కళ్ళు చెదిరే వెలుతురు కొట్టి గరిష్ఠపు వెలుగు కొలవండి. గరిష్ఠంలోంచి కనిష్ఠం తీసేసి, గరిష్ఠంతో భాగించండి. గరిష్ఠం 100 అనుకుంటే ఆరోగ్యమైన ఆకుకి కనిష్ఠం 17 దగ్గర ఉంటుంది, అంటే జవాబు 0.83. 1987లో బ్యోర్క్‌మన్, డెమిగ్ ఎన్నో జాతుల మొక్కలమీద కొలిచి చూస్తే, ఆరోగ్యంగా ఉన్న ఆకులన్నీ ఇంచుమించు ఈ అంకె దగ్గరే ఉన్నాయి. మనిషికి 98.4 ఎలాగో ఆకుకి 0.83 అలాగ.

చిక్కొకటుంది. గట్టు మీంచి పొర్లే నీళ్ళు తగ్గాయంటే పొలంలోకి బాగా పారుతున్నాయని ఒక అర్థం. నేలలోకి ఎక్కువ ఇంకుతున్నాయని ఇంకో అర్థం. ఏదో ఎలా తెలుస్తుంది? ఒక్క క్షణం మడవ పూర్తిగా మూసేసి చూడాలి. ఎండలో నిలబడి ఇది చెయ్యడం ఎలా? 1986లో ష్రైబర్, అతని సహచరులు వివరించిన పరికరం ఈ చిక్కు తీర్చింది. కొలిచే వెలుతురుని సెకనులో పదిలక్షల వంతుల లెక్కన చిన్నచిన్న తునకలుగా పంపి, ఆ తాళానికి సరిపడే వెలుగుని మాత్రమే యంత్రం లెక్కేసుకుంటుంది. సంతలో ఎంత గోలున్నా మనవాళ్ళ గొంతు పట్టుకున్నట్టు. దాంతో ప్రయోగశాలలో చీకటిగదిలో ఉండే శాస్త్రం పొలం గట్టుమీదికొచ్చింది.

ఈ చరిత్రంతా ఓపిగ్గా రాసిపెట్టినవాళ్ళలో ముఖ్యుడు మన అలహాబాదులో పుట్టి, అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన గోవింద్‌జీ. ముందూ వెనకా ఏమీ లేని ఒకే ఒక్క పేరు. కౌట్‌స్కీ ప్రయోగం గురించి 1995లో ఆయన రాసిన సమీక్షే, ఈ విషయం మీద ఎవరేం రాసినా వెనక్కి తిరిగి చూసుకునేది.

వేడి

కాలిఫోర్నియాలో డెత్ వ్యాలీ అనే ఎడారి లోయ ఉంది. దాని వేసవి ముందు మన రెంటచింతల తగ్గాల్సిందే. అక్కడ టైడ్‌స్ట్రోమియా అనే చిన్న మొక్క సరిగ్గా ఆ వేసవిలోనే పెరుగుతుంది. బ్యోర్క్‌మన్ బృందం 1972లో ప్రకటించిన కొలతల ప్రకారం, దాని కిరణజన్య సంయోగక్రియ 47 డిగ్రీల దగ్గర అన్నిటికంటే జోరుగా సాగుతుంది. మనకి వడదెబ్బ తగిలే చోట దానికి పండగ! వాళ్ళు డెత్ వ్యాలీలో ఒక తోట, చల్లటి సముద్రపొడ్డున ఒక తోట వేసి మొక్కల్ని అటూ ఇటూ పెంచి చూశారు. ఎడారి మొక్క చల్లటి చోట ఎదగలేకపోయింది. సముద్రపొడ్డు మొక్కకి ఎడారి వేసవి పడలేదు.

మరి ఏ ఆకు ఎంతవరకు తట్టుకుంటుందో ఎలా చెప్పాలి? 1977లో ష్రైబర్, బెర్రీ ఆకుని మసక వెలుతురులో ఉంచి మెల్లగా వేడిచేస్తూ ఎర్ర వెలుగుని గమనించారు. చాలాసేపు గీత చదునుగా పోయింది. ఒక చోట ఉన్నట్టుండి నిటారుగా లేచింది. ఆ మలుపు దగ్గరి ఉష్ణోగ్రతా, ఆకు మళ్ళీ కోలుకోలేని దెబ్బ తినే ఉష్ణోగ్రతా ఒక్కటే. చాలా మొక్కలకి అది నలభైల్లో ఎక్కడో ఉంటుంది. వేడిలో పెరిగి అలవాటుపడ్డ మొక్కకి మలుపు ఇంకాస్త పైకి జరుగుతుంది. నీడలో పెరిగినదాన్ని ఉన్నట్టుండి ఎండలో నిలబెడితే ఆ అలవాటుకి వ్యవధి ఎక్కడిది? (మా తమలపాకు గుర్తొచ్చి ఇక్కడ నాకు కాస్త మనసు చివుక్కుమంది.)

లోపల జరిగేదేమిటంటే, నీటిని విడగొట్టి ఆక్సిజన్ ఇచ్చే చోట నాలుగు మాంగనీసు, ఒక కాల్షియం పరమాణువులతో ఒక చిన్న గుత్తి ఉంటుంది. వేడి మితిమీరితే ఆ గుత్తి చెదిరి మాంగనీసు ఊడిపోతుంది. మడవ విరిగిపోయినట్టే. పత్రహరితం మాత్రం చెక్కుచెదరదు. అందుకే ఆకు పచ్చగానే కనిపిస్తుంది.

ఒక మాట ఒప్పుకోవాలి. ఇది వేడికి మొదట తగిలే దెబ్బ కాదు. చాలా పంటల్లో అంతకుముందే, 35 డిగ్రీలు దాటే వేళకే, రుబిస్కో అనే ముఖ్యమైన ఎంజైముని పనిచేయించే తోడు ఎంజైము సడలిపోతుంది. దిగుబడి అప్పటినుంచే తగ్గుతుంది. కాబట్టి ఆ మలుపు "పని తగ్గింది" అనే గంట కాదు, "ఇక బాగుచెయ్యడం కష్టం" అనే గంట.

చలి

చలి ఇంకా చిత్రమైనది. వేడి మడవని విరగ్గొడితే, చలి పొలాన్ని గడ్డకట్టిస్తుంది. సూర్యుడికి చలి లేదు కదా, పొద్దున్నే వెలుతురు మామూలుగానే వస్తుంది. పత్రహరితం మామూలుగానే పట్టుకుంటుంది. ఎంజైములే ముడుచుకుని కూర్చుంటాయి. కౌట్‌స్కీ సున్నా డిగ్రీల దగ్గర చూసిన ఎడబాటు ఇదే. 1983లో ఇంగ్లండులో ఎసెక్స్ విశ్వవిద్యాలయానికి చెందిన లాంగ్, బేకర్ వాళ్ళు లేత మొక్కజొన్న మీద ఇదే చూపించారు. చలి ఒక్కటే అయితే ఓర్చుకుంటుంది, చలితోపాటు గట్టి వెలుతురు కూడా పడితే దెబ్బతింటుంది. మంచు పొద్దుల్లో తేటగా కాసే ఎండ మనకి హాయి, మొక్కజొన్నకి గండం.

అదే ఏడాది ఆస్ట్రేలియాలో స్మైలీ, హెదరింగ్టన్, పెరూ దేశపు బంగాళదుంపల నిపుణుడు ఒచోవాతో కలిసి, ఆండీస్ కొండల్లో వేర్వేరు ఎత్తుల్లో పెరిగే అడవి దుంపజాతుల్ని ఈ వెలుగుతోనే పరీక్షించారు. ఎత్తునుంచి వచ్చినవి చలికి ఎక్కువ ఓర్చుకున్నాయి. ఇదివరకైతే మొక్కలు నాటి, చలికాలం వచ్చేదాకా ఆగి, ఎన్ని చచ్చాయో లెక్కపెట్టాలి. ఇప్పుడు ఒక్క ఆకు చాలు.

ఇంకా అందమైంది స్వీడన్ పైన్ చెట్ల సంగతి. చలికాలమంతా వాటి ఆకులు పచ్చగానే ఉంటాయి, కానీ మన 0.83 అంకె బాగా కిందికి పడిపోతుంది. చచ్చాయని కాదు. పట్టిన వెలుతురునంతా వేడిగా వదిలించుకుంటూ కొట్టు కట్టేసి పడుకున్నాయి. వసంతంలో వారాల మీద అంకె మళ్ళీ పైకొస్తుంది. అంటే పచ్చదనం చూసి బతికుందని చెప్పలేం, అంకె పడిందని చచ్చిందనీ చెప్పలేం. ఒక్కసారి కొలిస్తే సరిపోదు, మళ్ళీ మళ్ళీ కొలవాలి.

ఇక ఎండా చలీ రెండిట్లోనూ అసలు హంతకుడెవరో తెలుసా? దారి దొరకని శక్తిని పత్రహరితం పక్కనున్న ఆక్సిజన్‌కి అంటిస్తుంది. అది సింగ్లెట్ ఆక్సిజనై చుట్టూ ఉన్న ప్రొటీన్లని కాలుస్తుంది. ఆకు వాటికి నిత్యం మరమ్మతు చేసుకుంటూనే ఉంటుంది గానీ మితిమీరిన వేడిలో, చలిలో ఆ మరమ్మతే మందగిస్తుంది. అంటే కౌట్‌స్కీ 1931లో చూసిన రెండు విషయాలూ, అందరూ మెచ్చిన ఎర్ర వెలుగూ, ఎవరూ నమ్మని ఆక్సిజనూ, ఒకే ఆకులో వచ్చి కలిశాయి. ఒకటి నేరం, ఒకటి సాక్ష్యం.

ఆకాశంలోంచి

ఎండలో పొలం మొత్తం ఇలా సన్నగా వెలుగుతూనే ఉంటుంది. తిరిగొచ్చే ఎండ ముందు ఆ వెలుగు మన కంటికి ఆనదు. కానీ సూర్యకాంతిలో కొన్ని సన్నటి నల్లగీతలుంటాయి, ఫ్రౌన్‌హోఫర్ గీతలని. అక్కడ ఎండ బాగా తక్కువ, కాబట్టి ఆకు వెలుగు ఆ గీతల్ని కాస్త పూడుస్తుంది. ఆ పూడికని కొలిచి, జపాన్ వాళ్ళు 2009లో పంపిన గోశాట్ ఉపగ్రహం లెక్కలతో 2011లో భూమి మొత్తానికీ పటాలు గీశారు. నిజానికి ఆ ఉపగ్రహాన్ని పంపింది గాలిలో బొగ్గుపులుసు వాయువుని కొలవడానికి.

మనకి దగ్గరి సంగతి ఒకటి. 2010లో ఉత్తర భారతంలో ఎండలు ముందే ముదిరి గోధుమ దెబ్బతింది. ఆనాటి ఉపగ్రహ లెక్కల్ని 2018లో ప్రచురించిన ఒక అధ్యయనం తిరిగి చూస్తే, పచ్చదనం కొలతల కంటే ముందే ఈ వెలుగు కొలతలో తేడా కనిపించింది. 2022 మార్చిలో మళ్ళీ అలాంటి ఎండలే. మే 13న గోధుమ ఎగుమతులు ఆపేశారు. ముందే తెలిస్తే ఎండ ఆగదు, నిజమే. కానీ ఎక్కడ ఎంత పోతోందో ముందే తెలియడం రైతుకీ ధాన్యం కొనేవాళ్ళకీ చిన్న విషయం కాదు.

2023లో ఉష్ణమండలపు అడవుల మీద వచ్చిన అధ్యయనం ఆకుల ప్రమాదపు గీతని సగటున 46.7 డిగ్రీలుగా తీసుకుంది. ప్రస్తుతానికి ఆ గీత దాటేవి పదివేల ఆకుల్లో ఒకటి. ఆ గీత ఎక్కడుందో చెప్పడానికి వాడింది మళ్ళీ ఈ వెలుగునే.

తిరిగి పెరట్లోకి

సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు ఒక నీలి ఎల్‌ఈడీ టార్చి, ముదురు ఎర్ర జిలేటిన్ కాగితం పట్టుకెళ్ళాను. తీగ మొదట్లోంచి కొత్త చిగుళ్ళు వచ్చి మళ్ళీ పాకుతోంది, అమ్మ పాత చీర పందిరిలా కట్టింది. రెండాకులు కోశాను. ఒకదాన్ని చెయ్యి పెట్టలేనంత వేడినీళ్ళలో అయిదునిమిషాలు ఉంచి తీసి తుడిచాను. రెండూ పచ్చగానే ఉన్నాయి. ఇరవై నిమిషాలు చీకట్లో పెట్టి, వంటింట్లో దీపాలన్నీ ఆర్పి, కాగితాన్ని నాలుగు మడతలేసి అమ్మ కళ్ళకి అడ్డం పెట్టి, ఒక్కో ఆకు మీద టార్చి వేశాను.

మొదటి ఆకు కుంకుమరంగులో వెలిగి, నెమ్మదిగా నీరసించింది. రెండోది ఎలా వెలిగిందో అలాగే ఉండిపోయింది, అద్దానికి రంగేసినట్టు.

"ఏది పోయిందో చెప్పు" అన్నాను.

"ఇదే, కదలకుండా చూస్తోందే అది" అంది అమ్మ. తర్వాత దీపం వేసి రెండాకుల్నీ వేళ్ళమధ్య నలిపి చూసి, "దీనికింత హంగామా ఎందుకురా, పట్టుకుంటే తెలియట్లా?" అంది.

నాకైతే తెలియలేదు. అందుకే టార్చి ఊళ్ళో వదిలెయ్యకుండా వెంట తెచ్చుకున్నాను. వేపకొమ్మ మాత్రం ఈసారి ఎవరేమన్నా కొట్టించేది లేదు.